లా అంటే కోర్టు ఒక్కటేనా?



పదో తరగతి అవగానే మన ఇళ్లలో ఒకటే ప్రశ్న: ఎంపీసీనా, బైపీసీనా? "లా చదువుతాను" అంటే మాత్రం "కోర్టుల చుట్టూ తిరుగుతావా?" అనేస్తాం. ఆ మాట అనేముందు రాహుల్ చెరియన్ అనే భారతీయ న్యాయవాది గురించి తెలుసుకోండి.

చూపు లేనివారికి పుస్తకం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎప్పుడో వచ్చింది. కానీ పుస్తకాన్ని ఆ రూపంలోకి మార్చాలంటే కాపీరైట్ చట్టం అడ్డొచ్చేది. దాన్ని మార్చాలని ఆయన మన దేశంలోనూ, జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థలోనూ వాదించారు. 2012లో మన చట్టం మారింది. 2013 ఫిబ్రవరిలో ఆయన చిన్న వయసులోనే కన్నుమూశారు. అదే జూన్‌లో మరకేష్ ఒప్పందం కుదిరింది. 2014లో దాన్ని ఆమోదించిన మొదటి దేశం మనదే.

టెక్నాలజీ తయారైతే చాలదు, అది అందరికీ అందాలంటే చట్టం తెలిసినవాళ్లూ కావాలి. మీ అమ్మాయికి కంప్యూటర్ అంటే ఇష్టమా? ప్రతి రూలుకూ "ఎందుకు?" అని అడుగుతోందా? ఆ ప్రశ్నను ఆపకండి. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నా క్లాట్ రాయవచ్చు. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉన్నాయి. గ్రూపు నిర్ణయించేముందు ఈ దారి గురించి కూడా పిల్లలతో మాట్లాడండి.