పట్టా గిరిజనుడిది, పెత్తనం ఎవరిది?

చలికాలం వచ్చిందంటే అరకు, లంబసింగి, వంజంగి దారులు కార్లతో కిక్కిరిసిపోతాయి. పర్యాటకం మన్యానికి మేలా, కీడా అని వాదించుకునే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఆ కాటేజీలు, రిసార్టులు లేచిన నేల ఎవరి చేతిలో ఉంది? ఇలాంటి షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి దక్కకూడదని 1970లో సవరించిన ‘వన్ ఆఫ్ సెవెంటీ’ చట్టం చెబుతోంది. అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తనఖా కూడా దాని దృష్టిలో బదలాయింపే. అయినా కాగితం మీద గిరిజనుడి పేరు ఉంచి, పెట్టుబడీ లాభమూ బయటివాళ్లే చూసుకుంటున్నారన్న ఆరోపణలు ఆగడం లేదు. గనుల లీజులపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదంది. ఆ వివాదం పుట్టింది అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతంలోనే. గని కోసం చెల్లని లీజు గదుల అద్దె కోసం ఎలా చెల్లుతుంది?

గిరిజనుల దగ్గర పెట్టుబడి లేదు, చట్టాన్ని సడలిస్తేనే ఉపాధి వస్తుందని కొందరంటారు. పెట్టుబడి లేదన్నది నిజమే, కానీ దానికి మందు భూమిని వదులుకోవడం కాదని కాఫీ రుజువు చేసింది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) మొక్కలిచ్చింది, గిరిజన సహకార సంస్థ గింజలు కొంది, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. తోట మాత్రం రైతు దగ్గరే ఉంది. డబ్బూ మార్కెట్టూ కొండెక్కి వచ్చాయి, భూమి కొండ దిగిపోలేదు. అదే పద్ధతిలో గ్రామ సంఘాలకు అప్పు, శిక్షణ ఇచ్చి వసతిగృహాలు వాళ్లచేతే నడిపించడానికి అడ్డేమిటి? సొంత నేల మీద గదులు తుడిచే కూలీ కావడాన్ని ఉపాధి అని సరిపెట్టుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అతిథులు అడుగుతారు కాబట్టే థింసా బతుకుతోందన్న మాటా వినిపిస్తుంది. ఆ నాట్యం ఊరి పండుగలది, పెళ్లిళ్లది. దాన్ని పర్యాటకుల ముందు ఆడాలా వద్దా, ఆడితే ఎంత తీసుకోవాలి అన్నది ఆడేవాళ్లు తేల్చుకోవాలి, రిసార్టు మేనేజరు కాదు. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు తన ఆచారాలనూ వనరులనూ కాపాడుకునే అధికారం ఇచ్చింది. కాబట్టి అల్లూరి సీతారామరాజు జిల్లా యంత్రాంగం ప్రతి రిసార్టూ ఎవరి పట్టాలో ఉందో, దాన్ని నిజంగా నడిపేదెవరో రాసి, ఆ జాబితాను గ్రామసభల్లో చదివి వినిపించాలి. కొత్త అనుమతులు ఆ తర్వాతే.