నానమ్మతో బజారుకి

చలికాలం వచ్చిందంటే కువైట్‌లోని మన ఇళ్ళకి ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తూ ఉంటారు. వచ్చి వారం తిరక్కుండానే “వీళ్ళని షాపింగ్‌కి ఎక్కడికి తీసుకెళ్దాం?” అన్న ప్రశ్న మొదలవుతుంది. ఈసారి మన శీర్షికలో ఆ సంగతే చూద్దాం.

చాలామందిమి కారెక్కించి తిన్నగా అవెన్యూస్ మాల్‌కి తీసుకెళ్తాం. 2007లో మొదలైన ఆ మాల్ చూడవలసిందే, కాదనను. మా అత్తయ్యగారు మొదటిసారి వచ్చినప్పుడు మేమూ అదే చేశాం. ఆవిడ ప్రతి వస్తువు ధరనీ రూపాయల్లోకి మార్చి చూసుకుని, తీసింది తీసినట్టే మళ్ళీ అక్కడ పెట్టేశారు. దినారు 280 రూపాయలు దాటాక ఆ లెక్క ఎవరికైనా గుండె దడే! చివరికి “నాకేం వద్దమ్మా, మీరు కొనుక్కోండి” అని బెంచీ మీద కూర్చుండిపోయారు. పక్కనే మా అబ్బాయి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మరుసటి వారం సిటీలోని ముబారకియా బజారుకి వెళ్ళాం. ఈసారి ఆవిడ చేతిలో పది దినార్లు పెట్టి, “మీ ఇష్టం అత్తయ్యా, మేం అడగం” అన్నాను. ఖర్జూరాల దుకాణం దగ్గర ఆవిడ ఆగారు. ఒకటి నొక్కి చూశారు, ఒకటి రుచి చూశారు, పెదవి విరిచారు. దుకాణదారుడికి హిందీ వచ్చు, ఆవిడకి రాదు. మా అబ్బాయి మధ్యవర్తి అయ్యాడు. “అమ్మా, బేరం అంటే ఏంటి?” అన్నాడు వాడు. కువైట్‌లో పుట్టిన పిల్లవాడు, ధర చీటీ అంటించని వస్తువుని ఎన్నడూ కొనలేదు మరి! నానమ్మ నేర్పింది: ముందు సగం అడగాలి, తర్వాత నడిచి వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేయాలి. రెండు కిలోల మీద అర దినారు తగ్గించుకుని వచ్చారు ఇద్దరూ. అర దినారంటే 500 ఫిల్సులని వాడు ఆవిడకి నేర్పాడు. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

పిల్లలూ, మీకో సంగతి తెలుసా? ఒకప్పుడు కువైట్ బజార్లలో నడిచింది మన రూపాయే! 1959లో గల్ఫ్ దేశాల కోసం మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయి నోట్లు వేసింది. 1961లో కువైట్ దినారు వచ్చింది. అప్పుడు ఒక దినారుకి 13 రూపాయల 33 పైసలు, అంటే ఒక రూపాయికి 75 ఫిల్సులు. ఈసారి నానమ్మ లెక్క వేస్తుంటే ఈ మాట చెప్పి చూడండి.

ఇక ఎక్కడ ఏం కొనాలో చూద్దాం.

ముబారకియా: ఖర్జూరాలు, కుంకుమపువ్వు, ఎండు పళ్ళు, తేనె, అత్తరు, ఊద్. మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు కాబట్టి సాయంత్రం వెళ్ళండి. 2022 మార్చిలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి చాలా దుకాణాలు కాలిపోయినా ఈ బజారు మళ్ళీ తేరుకుంది. తేనె, అత్తరు సీసాలు చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో సర్దండి.

శుక్రవారం మార్కెట్: అల్-రాయ్‌లో ఉంది. దుప్పట్లు, తివాచీలు, పాత సామాను. ఇక్కడా బేరం ఆడవచ్చు.

జమియాలు: మనం ఉండే పేటలోని సహకార దుకాణాలు. ఊళ్ళో పంచడానికి చాక్లెట్లు, సబ్బులు, పాలపొడి ఇక్కడే తీసుకోండి. ఇక్కడ మాత్రం బేరం ఉండదని పెద్దవాళ్ళకి ముందే చెప్పండి!

బంగారం: ఇక్కడ కాస్త జాగ్రత్త. 22 క్యారెట్లకి 916, 21 క్యారెట్లకి 875 అని ముద్ర ఉంటుంది. కార్డుతో చెల్లించి, తప్పకుండా రసీదు తీసుకోండి. ఆడవారికి 40 గ్రాములు, మగవారికి 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తీసుకెళ్ళే వీలు ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవారికే. రెండు మూడు నెలలు ఉండి వెళ్ళే అమ్మకి ఆ వీలు లేదు. “నువ్వు పెట్టుకెళ్ళమ్మా” అని కొత్త గొలుసు ఆవిడ మెడలో వేసి పంపితే, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళ ముందు తలదించుకునేది ఆవిడే. అలాగే ఊరి నుంచి పెట్టుకొచ్చే పాత నగలకి, బయలుదేరేటప్పుడే ఇండియా ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వారి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోమనండి. ప్రయాణానికి ముందు తాజా నిబంధనలు ఒకసారి చూసుకోండి.

చివరిగా ఒక్క మాట. పెద్దవాళ్ళకి మనం కొనిపెట్టడం మంచిదే. కానీ జీవితమంతా ఇంటికి కావలసినవి తమ చేత్తో కొన్నవాళ్ళు ఇక్కడికొచ్చి, ప్రతిదానికీ కొడుకు పర్సు వైపు చూడవలసి వస్తే వాళ్ళకి చిన్నతనంగా ఉంటుంది. చేతిలో నాలుగు దినార్లు పెట్టండి, తోడుగా మనవణ్ణో మనవరాలినో పంపండి, మీరు పదడుగులు వెనక నడవండి. మా అత్తయ్యగారు ఆ ఖర్జూరాలని వీధంతా పంచుతూ “మా మనవడూ నేనూ బేరమాడి తెచ్చాం” అని చెప్పారట.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.