వంతెనలు కావు, బస్సులు కావలెను

హైదరాబాదు నగరము విడుచు హరితగృహ వాయువులలో సగమునకు మించిన భాగము రహదారులమీద తిరుగు వాహనములనుండియే వెలువడుచున్నదని పదేండ్లకు పూర్వమే శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూపియుండగా, ఆ లెక్కను చదివిన పాలకులు (చదివిరనియే అనుకొందము) రహదారులపై మఱిన్ని రహదారులను కట్టుటయే దానికి విరుగుడని నిశ్చయించుకొని, ఏ పార్టీ గద్దె నెక్కినను శిలాఫలకములమీది పేర్లను మాత్రమే మార్చుకొనుచు, అదే దారిని సాగుచున్నారు. ఇది తప్పుదారి యని మొగమాటము లేక చెప్పవలసియున్నది.

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పర్యావరణ శాస్త్రజ్ఞులు డాక్టర్ టి.వి. రామచంద్ర, తమ సహచరులతో కలిసి, దేశములోని ఏడు మహానగరముల ఉద్గారముల పద్దును సిద్ధపఱచి 2015లో ప్రకటించిరి. విద్యుత్తు, వంటయిల్లు, పరిశ్రమ, రవాణా, వ్యవసాయము, పశువులు, చెత్తదిబ్బలు, మురుగునీరు అను పద్దులక్రింద 2009 ప్రాంతపు వివరములను సేకరించి, బొగ్గుపులుసు వాయువుతోబాటు చెత్తనుండి పుట్టు మీథేనును, నైట్రస్ ఆక్సైడును సయితము ఒకే తూకములోనికి మార్చి వారు కట్టిన ఆ లెక్కలో, ఢిల్లీ 3 కోట్ల 86 లక్షల టన్నులతో మొదట నిలిచినది. ముంబయి 2 కోట్ల 28 లక్షలు, కోల్‌కతా 1 కోటి 48 లక్షలు. హైదరాబాదు 1 కోటి 37 లక్షల టన్నులతో ఆఱవది. ఏడింటిలో ఆఱవ స్థానమేకదా యని మనవారు తృప్తిపడుటకు వీలున్నది. కాని ఆ మొత్తము ఎచ్చటనుండి వచ్చినదో విడదీసి చూచినవారికి ఆ తృప్తి నిలువదు. హైదరాబాదు ఉద్గారములలో రవాణా వాటా నూటికి 56.86. తక్కిన ఆఱు నగరములలో ఏదియు ఈ దరిదాపులకు రాలేదు. బెంగుళూరు 43.5, ఢిల్లీ 32, ముంబయి 17.4, కోల్‌కతా 13.3.

ఈ శాతములను టన్నులలోనికి మార్చినచో సంగతి మఱింత తేటపడును. హైదరాబాదు రహదారులనుండి ఏటేట వెలువడినది సుమారు 78 లక్షల టన్నులు. అంతకంటె ఎంతో పెద్దదైన ముంబయిలో ఆ పద్దు సుమారు 40 లక్షలు, కోల్‌కతాలో 20 లక్షలకు లోపు. అనగా మన వాహనముల పొగ ముంబయి పొగకు దాదాపు రెట్టింపు, కోల్‌కతా పొగకు దాదాపు నాలుగింతలు.

ఇట్టి లెక్కలకు ఆక్షేపణలు లేకపోలేదు, వానిని దాచవలసిన పనియు లేదు. వాహనముల సంఖ్యను, అవి ఏడాదికి సగటున తిరుగు దూరమును, కిలోమీటరుకు ఇంత యని శాస్త్రజ్ఞులు నిర్ణయించిన పొగ పరిమాణముతో హెచ్చించి కట్టిన లెక్క యిది. రిజిష్టరైన బండ్లలో కొన్ని మూలపడి యుండవచ్చును, కొన్ని జిల్లాలలో తిరుగుచుండవచ్చును. ముంబయి లోకల్ రైళ్లు వాడు కరెంటు రవాణా పద్దులోనికి గాక వేఱొక పద్దులోనికి పోయి యుండవచ్చును. అందుచేత మన లెక్కలో మూడవవంతును కొట్టివేయుదము. అప్పటికిని 52 లక్షల టన్నులు మిగులును. అప్పటికిని అది ముంబయిని మించియే యుండును. లెక్క పాతబడినదను మాటయు నిజమే. అయితే పాతలెక్కను ఆక్షేపించువారు క్రొత్తలెక్కను కట్టించి చూపవలయును గాని, లెక్కయే లేని స్థితిని తమకు అనుకూలముగా వాడుకొనరాదు.

ముంబయికి లోకల్ రైలు ఉన్నది, కోల్‌కతాకు 1984నుండియే మెట్రో ఉన్నది. మన నగరమునకు ఏమున్నదని అడుగువారు ఒక సంగతి మఱచుచున్నారు. 1932లోనే 27 బస్సులతో నైజాము రైలు రోడ్డు రవాణా శాఖ సర్వీసులు మొదలుపెట్టిన రాజధాని ఇది. తరతరములుగా గుమాస్తాలును, కూలీలును, కాలేజీ విద్యార్థులును సిటీబస్సునే నమ్ముకొని బ్రదికిన ఊరు ఇది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు, 2017లో మెట్రో వచ్చినవి, సంతోషమే. కాని అవి పట్టాలున్నచోటనే తిరుగగలవు; గల్లీ మొగవరకు రాగలిగినది బస్సొక్కటే. ఆ బస్సునకే ఎసరు వచ్చినది. 2019 నాటి ఆర్టీసీ సమ్మె ముగిసిన పిమ్మట, నష్టముల పేరుతో నగరములో వందలకొలది బస్సులను తగ్గించిరి. లక్ష జనాభాకు 60 బస్సులుండుట మేలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖవారి ప్రమాణము. కోటిమంది యున్న నగరమునకు 6,000 కావలెను. ఉన్నవి మూడువేలకు అటునిటు.

సాయంకాలము అయిదు గంటలు దాటినపిదప అమీరుపేట బస్‌స్టాపు చెంత నిలిచి చూడుడు. పటాన్‌చెరువునుండి కోఠీకి పోవు 218 నంబరు వచ్చుసరికి ఫుట్‌బోర్డుమీద కాలు మోపుటకైనను చోటుండదు. లోపల కండక్టరు ముందుకు జరగండమ్మా, జరగండని గొంతు చించుకొనుచుండును. దిగవలసినవారు దిగలేక, ఎక్కవలసినవారు ఎక్కలేక యుండగా డ్రైవరు స్టాపు దాటించి బండి నాపును. భుజమున సంచి తగిలించుకొన్న నడివయసు ఉద్యోగిని దాని వెంట నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, షేర్‌ఆటో వానితో బేరమునకు దిగును. 2023 డిసెంబరు 9నుండి ఆడవారికి ఉచితప్రయాణము కల్పించిరి, మంచిపని చేసిరి, కాని ప్రయాణీకులు పెరిగినంతగా బస్సులను పెంచుట మఱచిరి. ఇట్లు విసిగినవాడు నెలవారీ కంతులమీద స్కూటరు కొనును. ఆ కొనుగోలు వాని విలాసము కాదు, వానికి మిగిల్చిన ఏకైకమార్గము.

ఇక వంతెనల ముచ్చట. మెహదీపట్నమునుండి ఆరాంఘర్‌వరకు 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ వంతెనను తెఱచినది 2009లో, అనగా శాస్త్రజ్ఞుల లెక్కకు ఆధారమైన కాలముననే. అటుపిమ్మట నగరమున వంతెనలును, క్రిందిదారులును వరుసగా లేచినవి. దుర్గముచెఱువుమీద తీగల వంతెన సెల్ఫీలకు నెలవైనది. రద్దీ తగ్గినదా? క్రొత్తగా త్రవ్విన కాలువలోనికి నీరు చేరినట్లు క్రొత్తదారిలోనికి బండ్లు వచ్చి చేరునని, రద్దీవేళ రహదారి ఎంత వెడల్పు చేసినను మరల నిండుననియు అమెరికా ఆర్థికశాస్త్రవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే సూత్రీకరించెను. కూడళ్లవద్ద నిలిచి కాలు పెట్రోలు వంతెనవలన మిగులునుగదా యని ఇంజనీర్లు వాదింతురు. మొదటి ఏడాది ఆ మాట నిజమే కావచ్చును. బండ్లు పెరిగి, రద్దీ తరువాతి కూడలికి జరిగినపిమ్మట మిగులుబాటు మాయమగును. పైగా ఆ కాంక్రీటు ఊరక రాదు: సున్నపురాతిని కాల్చునప్పుడు రాయి తనలోని బొగ్గుపులుసు వాయువును విడుచును, కొలిమికి బొగ్గు వేఱుగా కాలును, టన్ను సిమెంటుకు అరటన్నుకు పైగా వాయువు. నల్లగొండ, కడప, కర్నూలు జిల్లాల కొలుములలో కాలినదానిని నగరపు పద్దులో ఎవరును వ్రాయకపోవుటచేత వంతెన పరిశుభ్రముగా కనుపించుచున్నది, అంతే.

కార్లన్నియు విద్యుత్తుతో నడచినచో చిక్కు తీరునని మఱికొందఱు. ఆ విద్యుత్తులో ఎక్కువభాగము నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. పొగ నగరమునుండి రామగుండమునకు, కొత్తగూడెమునకు తరలును. అదియు గాక, కారు పెట్రోలుతో నడచినను కరెంటుతో నడచినను రోడ్డుమీద ఆక్రమించు చోటు ఒక్కటే. విద్యుత్తు బస్సు సంగతి వేఱు. దానిని మేము మనసార ఆహ్వానింతుము.

ఆర్టీసీ నష్టములలో నడచుచున్నదని, బస్సులు కొనుటకు డబ్బు లేదని ఆర్థికశాఖ చెప్పు మాట ఈ రాష్ట్రములో అందఱికిని కంఠస్థమే. ఒక వంతెన నష్టములో నడచుచున్నదని దానిని మూసివేసిన ప్రభుత్వము ఎచ్చటనైన కలదా? వంతెన మీద ఎక్కువాడు టిక్కెట్టు కొనడు, దానికి లాభనష్టముల ఖాతాయే యుండదు. బస్సెక్కు పేదవాని ప్రయాణమునకు మాత్రము ప్రతి పైసకు లెక్క అడుగుదురు. వాహనములను గాక మనుష్యులను తరలించుటయే లక్ష్యమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానము ఘోషించినది. ఆ విధానమును కాగితముమీద కాదన్న ప్రభుత్వము లేదు, ఆచరణలో పెట్టినది అరుదు.

బెంగుళూరులో 2016లో 6.7 కిలోమీటర్ల ఉక్కు వంతెనకై 812 చెట్లను నఱుకనెంచినపుడు పౌరులు చేయిచేయి కలిపి వీధులలో నిలిచిరి. మరుసటి ఏడాది మార్చిలో ప్రభుత్వము ఆ పథకమును విరమించుకొనెను. హైదరాబాదులోను కె.బి.ఆర్. ఉద్యానము చుట్టు చెట్లకొఱకు పౌరులు నిలిచిరి. అయితే చెట్లను కాపాడుకొనుట ఒకయెత్తు, ఆ దారిని పోవువానికి వేఱొక సాధనమును చూపుట మఱొకయెత్తు. రెండవది పౌరులు చేయగలిగినది కాదు, ప్రభుత్వమే చేయవలయును.

కావున మేము కోరునది ఇది. బస్సుల సంఖ్య 6,000కు చేరునంతవఱకు హైదరాబాదు నగరమున క్రొత్త వంతెన దేనికిని అనుమతి నీయరాదు. ఇదివఱకే అనుమతి పొంది పని మొదలుకానివానిని నిలిపివేసి, ఆ నిధులను ఆర్టీసీకి మళ్లింపవలయును. ప్రధాన రహదారులలో ఒక వరుసను బస్సులకే విడువవలయును. కార్లవారు కోపగింతురు, కోపగింపనిండు. విజయవాడ, విశాఖపట్టణములు హైదరాబాదు వెనుక ఇదే దారిని పట్టకముందే అచ్చటి ప్రభుత్వము మేల్కొనవలయును. నగరపు ఉద్గారముల పద్దును ప్రభుత్వముతో సంబంధము లేని శాస్త్రజ్ఞులచేత ఏటేట కట్టించి, ఆధారములతో సహా, బడ్జెటుతోబాటు శాసనసభ ముందుంచవలయును. అందులో రవాణా వాటా 56.86నుండి ఎంతకు దిగినదో, ఎంతకు ఎక్కినదో ప్రతిపక్షమువారు అడిగినపుడు రవాణామంత్రి సభలో లేచి నిలిచి జవాబు చెప్పవలయును.