మర్దన వృత్తికి పట్టా ఏది?

మర్దన చికిత్స చేతులతో చేసే సేవ. చర్మాన్ని, కండరాలను, కీళ్ల చుట్టూ ఉండే మెత్తని కణజాలాన్ని ఒక క్రమంలో నిమురుతూ, పిసుకుతూ, నొక్కుతూ, తడుతూ ఒంటి బిగువును, నొప్పిని తగ్గించడం ఇందులోని పని. ఈ పనితో బతికినవాళ్లు తెలుగునేల మీద ఎప్పుడూ ఉన్నారు. పసిబిడ్డను చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్లు పోసే మంత్రసాని, క్షవరం ముగిశాక తల, మెడ, భుజాలు పట్టే నాయీబ్రాహ్మణుడు, హైదరాబాదు కుస్తీ తాలీంలలో పహిల్వాన్లకు మాలిష్ చేసే పెద్దలు ఈ విద్యను తరం నుంచి తరానికి అందించారు. ఊరు వాళ్ల పనితనాన్ని వాడుకుంది, విద్యగా మాత్రం గుర్తించలేదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు. మర్దన ఇవాళ ఆస్పత్రుల్లో, హోటళ్లలో, క్రీడా జట్లలో జీతం వచ్చే ఉద్యోగమే. అయినా డాక్టరుకో నర్సుకో ఉన్నట్టు మర్దన చేసేవారికి రిజిస్ట్రేషన్ ఇచ్చే ప్రత్యేక జాతీయ మండలి ఏదీ దేశంలో లేదు. ఈ వృత్తిలోని చిక్కులు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

నేర్చుకునే దారులు ప్రధానంగా రెండు. మొదటిది ఆయుర్వేదం. వాగ్భటుడి అష్టాంగహృదయం దినచర్యలో భాగంగా రోజూ అభ్యంగం, అంటే నూనె మర్దన, చేసుకోమంటుంది, తలకు, చెవులకు, పాదాలకు మరీ ముఖ్యమంటుంది. అజీర్ణంతో ఉన్నవారికి, కఫం పెరిగినవారికి, అప్పుడే శోధన చికిత్స చేయించుకున్నవారికి వద్దని కూడా అక్కడే చెబుతుంది. రెండో దారి స్పాలలో స్వీడిష్ మసాజ్ పేరుతో నేర్పేది. స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాసంస్థ పెట్టి వైద్య వ్యాయామానికి ఒక పద్ధతి ఏర్పరచాడు. మర్దనలోని తీరులను నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం అని విడదీసి వాడుకలోకి తెచ్చిన ఘనత ఎక్కువగా డచ్ వైద్యుడు యోహాన్ మెట్స్‌గర్‌ది.

ఆయుర్వేద దారిలో వెళ్లేవారికి మన దేశంలో పంచకర్మ (ఆయుర్వేద శోధన చికిత్సలు) టెక్నీషియన్ శిక్షణ ఉంది. కేరళలోని చెరుతురుత్తిలో కేంద్ర ప్రభుత్వ ఆయుర్వేద పంచకర్మ పరిశోధన సంస్థ ఈ కోర్సు నడుపుతోంది. స్పా థెరపిస్టు శిక్షణకు బ్యూటీ అండ్ వెల్‌నెస్ రంగ నైపుణ్య మండలి ప్రమాణాలు నిర్ణయించింది. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాదు ఎర్రగడ్డ, విజయవాడ, తిరుపతి ఆయుర్వేద కళాశాలల ఆస్పత్రుల్లోనూ, హైదరాబాదు బల్కంపేట ప్రకృతి చికిత్సాలయం వంటి చోట్లా ఈ పనికి ఎప్పుడూ మనుషులు కావాలి. వారం రోజుల్లో నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టే ప్రైవేటు సంస్థలు కూడా ఉన్నాయి. వాటి దగ్గర నాలుగు పట్లు తెలుస్తాయి, శరీరం తెలియదు.

పంచకర్మ గదిలో పని దగ్గరగా చూసినవారు దీన్ని తేలిక ఉద్యోగమని అనరు. అంచులు లేపి, కారిన నూనె ఒక పక్కకు పోయేలా కాలువ తీసిన ద్రోణి మీద రోగిని పడుకోబెడతారు. ఆయుర్వేద కేంద్రాలకు గుర్తింపు ఇవ్వడానికి కేరళ పర్యాటక శాఖ పెట్టిన నిబంధనల్లో ఈ బల్ల కనీసం 7 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉండాలి. పురుషులకు పురుషులు, స్త్రీలకు స్త్రీలు మాత్రమే మర్దన చేయాలన్నది అందులోనే మరో షరతు. అభ్యంగంలో ఇద్దరు చెరోవైపు నిలబడి ఒకే లయలో, ఒకే ఒత్తిడితో చేతులు నడపాలి. ఒకరు ముందుకూ ఒకరు వెనక్కీ అయితే పడుకున్న మనిషికి ఇట్టే తెలిసిపోతుంది. పిళిచ్చిల్‌లో గోరువెచ్చని తైలాన్ని ఒంటి మీద ధారగా పోస్తూ పట్టాలి. అది చల్లారకుండా ఇంకొకరు వేడి చేసి అందిస్తూ ఉంటారు. శిరోధారలో నుదుటి మీది ధార తెగకూడదు, కళ్లలోకి జారకూడదు. చికిత్స అయ్యాక నూనె తుడిచి, కాలు జారకుండా పెద్దవాళ్లను కిందికి దింపి, స్నానం చేయించి, ద్రోణి కడిగి, తరవాతి రోగికి సిద్ధం చేయాలి. ఏ తైలం, ఎన్ని రోజులు అన్నది వైద్యుడు రాస్తాడు. ఆ రాతను ఒంటికి చేర్చేది ఈ చేతులే.

ఈ విద్యలో మొదట నేర్పవలసింది చేయి వేయకూడని సందర్భాలు. జ్వరం, చర్మానికి అంటువ్యాధి, మానని గాయం, విరిగిన ఎముక ఉన్నప్పుడు మర్దన పనికిరాదు. ఒక కాలి పిక్క హఠాత్తుగా వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయగలదు. మెడను పటుక్కున విరిచే అలవాటు మన క్షౌరశాలల్లో ఇంకా పోలేదు. మెదడుకు రక్తం తీసుకుపోయే వెన్నుపూస ధమనులు ఆ మెడలోంచే వెళతాయి. వాటి గోడ చిట్లితే పక్షవాతం రావచ్చు. తల కడిగేటప్పుడు మెడ మరీ వెనక్కి వంచడం వల్ల వచ్చే పక్షవాతాన్ని అమెరికా న్యూరాలజిస్టు మైకేల్ వైన్‌ట్రాబ్ 1993లో బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అన్నాడు. 2022లో హైదరాబాదులోనూ ఒక న్యూరాలజిస్టు అలాంటి కేసును బయటపెట్టారు. కాబట్టి శరీర నిర్మాణ శాస్త్రం చెప్పని శిక్షణ ప్రమాదకరం. చెప్పుకునే గొప్పల విషయంలోనూ అదే నిగ్రహం కావాలి. నడుంనొప్పికి మర్దన మీద జరిగిన ప్రయోగాలను 2015లో సమీక్షించిన కోక్రేన్ అనే వైద్య పరిశోధనా సమీక్షల సంస్థ కొద్దికాలం ఉపశమనం కనిపించిందనీ, ఆ ఆధారాలు కూడా బలహీనమేననీ తేల్చింది. మధుమేహం తగ్గుతుందనీ విషాలన్నీ బయటికి పోతాయనీ చెప్పి రోగిని పిలిచేవారు ఈ వృత్తికి చేటు చేస్తున్నారు.

చేసేవారి ఒంటి సంగతి కోర్సుల్లో తక్కువగా వినిపిస్తుంది. బొటనవేలి మొదట్లోని కీలు, మణికట్టు, నడుము ముందుగా అరిగిపోతాయి. వేళ్ల బలంతో నొక్కేవారు త్వరగా అలసిపోతారు. ముంజేతితో, మోచేతితో, ఒక కాలు ముందుకు వేసి ఒంటి బరువు వాలుస్తూ పట్టేవారు ఎక్కువకాలం నిలుస్తారు. నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే పిడికిలి కణుపులు తాకేంత ఎత్తులో బల్ల ఉండాలన్నది వృత్తిలో వాడుకలో ఉన్న లెక్క. విరామం లేకుండా రోజంతా ఒకరి తరవాత ఒకరిని పంపే యజమాని దగ్గర ఎంత నైపుణ్యం ఉన్నా చేతులు మిగలవు.

ఈ వృత్తిని చూపులేనివారి జీవనాధారంగా కాపాడుకున్న దేశాలు ఉన్నాయి. జపాన్‌లో అంధుడైన సుగియామా వాయిచి 17వ శతాబ్దంలోనే అంధులకు ఆక్యుపంక్చర్, మర్దన నేర్పే బడులు ఏర్పాటు చేశాడు. అక్కడ 1947 నాటి చట్టం ప్రకారం కనీసం మూడేళ్లు చదివి, జాతీయ పరీక్ష నెగ్గినవారికే మర్దన లైసెన్సు. చూపున్నవారి కోసం కొత్త మర్దన బడులు పెట్టడాన్ని నియంత్రించే నిబంధన సరైనదేనని ఆ దేశ సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. దక్షిణ కొరియా ఇంకా ముందుకు వెళ్లి లైసెన్సును అంధులకే పరిమితం చేసింది. 2006లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధన కొట్టేస్తే, పార్లమెంటు అదే ఏడాది దాన్ని చట్టంలో చేర్చింది. 2008లో కోర్టు కూడా ఒప్పుకుంది. మిగతావారి ఉపాధి హక్కు మాటేమిటన్న వాదన అక్కడ ఆగలేదు. అయినా ఈ రెండు దేశాలూ మర్దనను లైసెన్సు, హోదా ఉన్న విద్యగా చూశాయి. మన దగ్గర అంధ విద్యార్థుల బడుల్లో ఈ శిక్షణను గట్టిగా పెట్టవచ్చు. స్పర్శతో నడిచే విద్యకు చూపు లేకపోవడం అడ్డం కాదు.

మర్దన పేరు చెబితే ముఖం చిట్లించడం మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. 1890లలో లండన్‌లో మసాజ్ గదుల ముసుగులో సాగే వ్యభిచారం గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. అప్పుడు నలుగురు మహిళలు 1894లో శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం స్థాపించారు. వైద్యుడు చెబితేనే మర్దన, వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలు ఇవ్వరాదు, మందులు అమ్మరాదు అని కట్టుబాట్లు పెట్టి, పరీక్షలు నిర్వహించారు. 1920లో దానికి రాజు ఇచ్చే అధికార పత్రం (రాయల్ చార్టర్) దక్కింది. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపిస్టుల సంఘం అదే. మచ్చ పడ్డ వృత్తిని చదువుతో, స్వీయ నియమంతో నిలబెట్టుకున్న ఉదాహరణగా ఇంతకన్నా మంచిది దొరకదు. మన నగరాల్లో ఆ పని పోలీసు దాడులకు వదిలేశారు. 2021లో ఢిల్లీ ప్రభుత్వం స్పాలలో స్త్రీలకు పురుషులు, పురుషులకు స్త్రీలు మర్దన చేయడాన్ని నిషేధిస్తే, ఆ డిసెంబరులో హైకోర్టు అమలును ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. నిషేధాలతో, దాడులతో నేరగాడూ నిజాయితీగా పనిచేసే అమ్మాయీ ఒకే వ్యానులో ఎక్కుతున్నారు. చదివి పరీక్ష రాసి గెలిచిన మనిషికి పేరున్న కార్డు ఇస్తే ఆ ఇద్దరినీ విడదీయడం తేలిక. ఆయుష్ శాఖలు ఆ రిజిస్ట్రేషన్ మొదలుపెట్టడానికి ఇంకా ఆలస్యం చేయకూడదు.

విదేశాలకు వెళ్లాలనుకునే తెలుగువారు ఇక్కడ లేని రిజిస్ట్రేషన్ అక్కడ ఉంటుందన్న తేడాను ముందే తెలుసుకోవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు లైసెన్సు అడుగుతాయి. న్యూయార్క్‌లో అందుకు 1,000 గంటల శిక్షణ కావాలి. కెనడాలోని ఒంటారియో, బ్రిటిష్ కొలంబియాలలో రిజిస్టర్డ్ మసాజ్ థెరపిస్టు అన్న హోదాకు చట్టబద్ధ మండలి పరీక్ష ఉంది. ఇక్కడి చిన్న సర్టిఫికెట్ అక్కడ నేరుగా చెల్లదు.

ఈ వృత్తిలో చేరే ముందు రెండు చోట్ల ప్రశ్నలు వేయాలి. శిక్షణ సంస్థలో ఎవరి పర్యవేక్షణలో, ఎన్ని గంటలు మనుషుల మీద సాధన చేయిస్తారో, సర్టిఫికెట్ ఎవరు ఇస్తారో అడగాలి. ఉద్యోగం ఇచ్చేవారి దగ్గర రోజుకు ఎన్ని మర్దనలు, జీతమా కమీషనా, నియామక పత్రం ఇస్తారా అన్నవి తేల్చుకోవాలి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం శిక్షణలో ఉన్న మహిళలకు కూడా వర్తిస్తుంది. పని స్థలానికి వచ్చే బయటివారి నుంచి, అంటే కస్టమర్ల నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత అని అందులో స్పష్టంగా ఉంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి. అంతకన్నా చిన్న స్పాలో పనిచేసే మహిళ జిల్లా స్థానిక కమిటీకి నేరుగా ఫిర్యాదు చేసుకోవచ్చు.