అక్కడ హక్కు, ఇక్కడ నేరం

ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. అమెరికాలో ఒకాయన అడవి టర్కీ కోడిని వేటాడి తెచ్చి, కెమెరా ముందు నవ్వుతూ శుభ్రం చేస్తుంటాడు. కింద లైకులే లైకులు. అదే పని మన తాత చేస్తున్న ఫొటో పెడితే? ముందు "అనాగరికులు" అంటారు. తర్వాత కేసు.

అసలు ఆ పనేంటో చూద్దాం. పక్షి పడగానే కడుపు కోసి పేగులు తీసి, ఒంటి వేడి దించాలి. లేకుంటే మాంసం పాడైపోద్ది. మేత సంచి చిరగకుండా లాగాలి. వేడినీళ్లలో ముంచితే ఈకలు సులువుగా వస్తాయి. నీళ్లు మరీ మరిగితే తోలు చిరుగుతుంది. తుపాకీ రవ్వలు వెతికి తియ్యాలి. రొమ్ము మాంసం తొందరగా ఉడుకుతుంది. కాళ్లలో గట్టి నరాలుంటాయి, సన్నసెగ మీద గంటలు పడుతుంది. ఆ ఓపిక లేక రొమ్ము కోసుకుని మిగతాది పారేసే సరదా వేటగాళ్లున్నారు. అక్కడి మూలవాసులో? ఈకలతో కప్పుకునే దుప్పట్లు అల్లారు. రెక్క ఎముకతో పక్షిని పిలిచే ఊత చేశారు. నాగరికులెవరో మీరే చెప్పండి.

వలస వచ్చినవాళ్ల విచ్చలవిడి వేట, అడవుల నరికివేత వల్ల 20వ శతాబ్దం మొదటికి ఆ పక్షి చాలా రాష్ట్రాల్లో కనిపించకుండా పోయింది. 1937లో వచ్చిన చట్టం తుపాకులు, తూటాల మీది పన్నును వన్యప్రాణుల కోసం మళ్లించింది. తర్వాత పక్షి తిరిగొచ్చింది. మిన్నెసోటాలో ఓజిబ్వే ప్రజలు 1837 ఒప్పందంలో భూమి వదులుకున్నారు గానీ వేట హక్కు వదల్లేదు. ఆ హక్కు ఇంకా బతికే ఉందని 1999లో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. హక్కూ నిలిచింది, పక్షీ నిలిచింది.

మరి మనకు? 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కుల్ని గుర్తించింది. సెక్షన్ 3(1)(ఎల్)లో వేటను మాత్రం మినహాయించింది. అదే చట్టం సెక్షన్ 5లో వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అంటే కాపలాకి పనికొస్తాం, నిర్ణయానికి పనికిరామా?

రేపే విల్లు పట్టుకుని అడవికి పొమ్మనడం లేదు. కేసులో ఇరుక్కునేది మనమే. అడవిలో జీవాలు తగ్గాయి, అదీ నిజమే. మనం అడిగేది ఒక్కటే: ఏది ఆపాలి, ఎంతకాలం ఆపాలి, ఎప్పుడు సడలించాలి అన్నది గ్రామసభతో కూర్చుని తేల్చండి. మనల్ని బయట నిలబెట్టి కాదు.

అప్పటిదాకా ఒక పని చెయ్యండి. కొత్తల పండక్కి ఇంటికోడిని కోసేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి అవ్వ దగ్గర కూర్చోండి. కందనకాయ ఎలా శుభ్రం చేస్తారు, వేట మాంసంలో ఏ వాటా ఎవరింటికి పోయేది, ఏ కాలంలో వేట మానేవారు? అడగండి, రాసుకోండి. సిగ్గుపడకండి. ఆ పద్ధతి మరిచిపోతే, రేపు హక్కు తిరిగొచ్చినా మన చేతిలో మిగిలేది ఉత్త కత్తే.

జల్, జంగల్, జమీన్ మనవే. వాటి జ్ఞానం కూడా మనదే!