ఆట – హద్దు

మానవునకు అన్నపానముల వలెనే వినోదము కూడ అవసరము. దినమంతయు శ్రమించినవాడు కొంతసేపైనను మనస్సునకు విశ్రాంతి నీయకున్నచో మరునాటి పనికి ఉత్సాహము కలుగదు. బాలుర విషయమున ఇది మరింత సత్యము. ఆటలాడని బాల్యము పూలు పూయని చెట్టు వంటిది. కావున ఆట మంచిదా, చెడ్డదా అను ప్రశ్నకు తావు లేదు. ఆట ఎవరి అదుపులో నున్నది అనునదియే విచారింపదగిన విషయము.

హైదరాబాదు నగరమున, మౌలాలి గుట్ట దిగువనున్న వీథులలో, సాయంకాలమున ఒక దృశ్యము తరచుగా కనబడును. బడి విడిచిన పిల్లలు నలుగురైదుగురు ఒక అరుగుపై చేరుదురు. భుజము భుజము తాకునట్లు కూర్చుందురు. కాని ఒకరి మొగము నొకరు చూడరు. అందరి తలలును వంగి యుండును. అందరి చేతులలోను ఫోనులే. ఇంటిలోనుండి తల్లి పిలుచును. “ఈ ఒక్క ఆట అయిపోగానే వచ్చెదనమ్మా!” అని కుమారుడు బదులు పలుకును. ఆ ఒక్క ఆట ఎంతకును ముగియదు. వడ్డించిన అన్నము చల్లారిపోవును.

దీనిని చూచి పెద్దలు “కాలము చెడినది” అందురు. ఈ మాట క్రొత్తది కాదు. ఒకప్పుడు నాటకములకు పోవు యువకులు చెడిపోవుచున్నారనిరి. పిమ్మట చలనచిత్రములను నిందించిరి. 1957లో విడుదలయిన ‘మాయాబజార్’ చిత్రమును చూచివచ్చి ఇంటిలో చీవాట్లు తిన్న కుర్రవారు లేకపోలేదు. వారే తాతలైన పిదప మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ చిత్రమును మురిపెముతో చూపిరి. ఇంకను వెనుకకు పోయినచో, మౌలాలి గుట్ట పాదముననే మాహ్ లఖా బాయి చందా సమాధి యున్నది. ఆమె నిజాముల కాలపు నర్తకి, గాయని, ఉర్దూ కవయిత్రి, 1824లో మరణించినది. ఆనాటి కొలువులలో వినోదమైనది నేడు సాహిత్యముగను చరిత్రగను గౌరవము పొందుచున్నది. ఒక తరము వినోదము మరియొక తరమునకు వారసత్వ మగుట కలదు. కావున క్రొత్తదగుటయే దోషమనుట న్యాయము కాదు.

యంత్రముపై ఆడు ఆటలన్నియు నిరుపయోగములనుటయు తగదు. 1984లో మాస్కో నగరమున అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన ‘టెట్రిస్’ అను ఆటలో పైనుండి జారు ముక్కలను త్రిప్పి, సందు లేకుండ పేర్చవలెను. దానికి చురుకైన చూపును, వెంటనే నిర్ణయించు బుద్ధియు కావలెను. నేటి చదరంగ క్రీడాకారులకు కంప్యూటరుపై అభ్యాసము నిత్యకృత్యము. వరంగల్లున జన్మించిన ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరులో 2800 రేటింగును దాటి, విశ్వనాథన్ ఆనంద్ తరువాత ఆ మెట్టెక్కిన రెండవ భారతీయుడైనాడు. సాధనము ఒక్కటియే, ఒకనికది నిచ్చెన, మరియొకనికది గొయ్యి.

మరి దోషమెచ్చట నున్నది? పూర్వపు ఆటలకు ముగింపు కలదు. అష్టాచెమ్మలో కాయలన్నియు నడిమి గడికి చేరినంతనే ఆట పూర్తియగును. పులిమేకలో మేకలు పులులను కదలనీయకుండ కట్టివేసినచో ఇంక ఆడుట కేమియు నుండదు. చిర్రగోనెకు చీకటియే హద్దు. నేటి ఫోను ఆటలు పెక్కింటికి అట్టి హద్దు లేదు. ఒక మెట్టు ముగియకమునుపే మరియొక మెట్టు ఊరించును. దినదినము వచ్చినవానికి బహుమానము. ఒక్కదినము రానివానికి నష్టము. ఆటగాడు ఎంత ఎక్కువసేపు నిలిచిన, ఆట నమ్మువానికి అంత లాభము. ఆ లెక్కను పండ్రెండేండ్ల బాలుడెరుగడు. తానే ఆటను ఆడుచున్నానని తలచును. నిజమునకు ఆటయే అతనిని ఆడించుచున్నది.

మహాభారతమున ధర్మరాజు కథ ఎల్లరకు తెలిసినదే. పాచికల నేర్పు చాలక ఓడెనని అందురు. లేవవలసిన వేళ లేవలేకపోవుటయే ఆతని అసలైన ఓటమి. ధనమును పణముగా పెట్టు ఫోను ఆటలలో ఎన్నియో కుటుంబములు అట్లే చితికిపోయినవి. అందువలననే వానిని తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు శాసనము చేసినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో ఆటలపై అదుపు తప్పుటను కూడ చేర్చినది. ఆడువారందరును రోగులని దాని యర్థము కాదు. ఆపవలెననుకొన్నను ఆపలేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకపోవుట – ఈ మూడును చిరకాలము కనబడినప్పుడే అది వ్యాధి యనిరి.

మౌలాలికి చేరువనే తార్నాక యున్నది. అచ్చటి రైల్వే సిగ్నలు ఇంజనీరింగు విద్యాసంస్థ ఆటస్థలముననే పి.వి. సింధు చిన్ననాట బాడ్మింటనులో తొలిపాఠములు నేర్చినది. 2016లో రియో ఒలింపిక్కులలో ఆమె రజతపతకము గెలిచినది. అంతకుముందు మూడు నెలలు ఆమె చేతిలో ఫోను లేదని శిక్షకుడు పుల్లెల గోపీచంద్ వెల్లడించినాడు. పోటీ ముగిసినది కావున తిరిగి ఇచ్చెదననియు పలికినాడు. ఇందు గ్రహింపవలసినది రెండు విషయములు. ఫోను విషమని ఆయన అనలేదు. విషమైనచో తిరిగి యీయడు గదా! గొప్ప కార్యమునకు పూనుకొన్నవారు చిన్న కోరికను కొంతకాలము ప్రక్కన నుంచవలెననుటయే ఆయన భావము.

బాలుర పక్షమునను ఒక న్యాయము కలదు. ఆడుకొనుటకు స్థలమేది? వీథులను వాహనము లాక్రమించినవి. ఖాళీస్థలములలో మేడలు లేచినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము వంటి విశాలప్రదేశములు నగరమున కొన్నియే మిగిలినవి. మైదానమును అమ్ముకొన్న పెద్దలు, పిల్లలు మైదానమునకు పోవుటలేదని నిందించుట తగునా? అంతేకాదు, తండ్రి భోజనమువద్ద ఫోను చూచుచు కుమారుని మందలించినచో ఆ మాటకు విలువ యేమి? ఇంటిలో నియమము ఒక్కటిగా నుండవలెను. అది పెద్దలకును పిన్నలకును సమానముగా వర్తింపవలెను.

కావున ఆటను నిషేధించుటకంటె ఆటకు హద్దు నేర్పుట మేలు. ఆ హద్దును ఇతరులు గీచినచో అది శిక్ష. తానే గీచుకొన్నచో అది శిక్షణ. గెలుచుచున్న వేళ, ఇంకొక మెట్టు ఊరించుచున్న వేళ, తల్లి పిలువగనే ఫోను మూసి లేచిన బాలుడు ఆ దినపు గొప్ప ఆటను గెలిచినట్లే. మరునాడు అతడు మిత్రులతో గూడి మౌలాలి గుట్ట యెక్కవచ్చును. పైనుండి చూచినచో రైలు పట్టాలును, చెట్లును, దీపములు వెలుగుచున్న ఇండ్లును కనబడును. ఆ ఇండ్లలో నొకటి తనది; అచ్చట వేడి యన్నముతో ఒకరు తనకై ఎదురుచూచుచుందురు.