చెయ్యి వణకని మందు

గోల్ఫు ఆడేవాళ్లు మందులు మింగి పట్టుబడ్డారంటే మనకు నవ్వొస్తుంది. పరుగుపందెం వాడు మింగాడంటే అర్థమున్నది. బరువులెత్తేవాడు సూది పొడిపించుకున్నాడన్నా అర్థమున్నది. పచ్చికమీద తాపీగా నడిచి, బంతిని కర్రతో కొట్టి, మళ్లీ నడిచే పెద్దమనిషికి మందెందుకండీ?

కష్టమంతా చివరి ఆరడుగుల్లో ఉన్నది. బంతి పడవలసిన గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. నాలుగురోజుల ఆట ఫలితం ఒక్కొక్కప్పుడు ఆఖరి చిన్న తట్టుమీద నిలుస్తుంది. అప్పుడు గుండె దడదడలాడుతుంది, వేళ్లు వణుకుతాయి. వెనకటి పెళ్లిచూపుల్లో కాఫీ పళ్లెం పట్టుకొచ్చిన ఆడపిల్లలెవరినడిగినా ఆ వణుకు సంగతి చెబుతారు.

ఆ దడ తగ్గించే మందులే బీటా బ్లాకర్లు. గుండెనొప్పి రోగుల కోసం 1960లలో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడు ప్రొప్రనొలాల్ తయారుచేశాడు. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మీ ఇంట్లో పెద్దవారి మందుల డబ్బాలో ఈ బిళ్లో, దీని చుట్టమో ఉన్నా ఉండవచ్చు. 2008 బీజింగ్ ఒలింపిక్సులో ఉత్తర కొరియా పిస్తోలు వీరుడు కిమ్ జోంగ్ సు ఇదే మందు వాడినట్టు తేలి, గెలిచిన రెండు పతకాలూ పోగొట్టుకున్నాడు.

ఆ ఏడు జూలైలోనే అమెరికాలో పి.జి.ఎ. టూర్ వారు తమ ఆటగాళ్లకు పరీక్షలు మొదలుపెట్టారు. మొట్టమొదట శిక్ష పడినవాడు డగ్ బారన్. పెద్ద పేరున్నవాడు కాదు. అంతవరకు ఆ టూర్లో ఒక్క పోటీ గెలవలేదు. పద్ధెనిమిదో ఏటనే గుండె కవాటంలో లోపమున్నదని డాక్టర్లు చెప్పి, ప్రొప్రనొలాల్ వాడించారు. తరవాత ఒంట్లో టెస్టోస్టెరోన్ తక్కువగా ఉన్నదని దానికీ మందిచ్చారు. రెండూ నిషిద్ధమే. మినహాయింపు ఇమ్మని బారన్ దరఖాస్తు పెట్టుకున్నాడు. కుదరదన్నారు. 2009 జూన్‌లో, తన సొంత ఊరు మెంఫిస్‌లో జరిగిన పోటీలో పరీక్ష చేస్తే రెండూ దొరికాయి. ఏడాదిపాటు ఆడరాదన్నారు.

గుండె బిళ్లను ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. తాను అలాగే తగ్గించుకుంటూ వస్తున్నానని బారన్ వాదన. సూది మందు మాటకు అంత బలమైన సమాధానం లేదు. వద్దన్నాక వేయించుకోవడం తప్పే. ఎదుట ఆడేవాడు ఏ బిళ్లా లేకుండా తన వణుకు తానే పడుతున్నాడు గదా! ఆ మాట ఒప్పుకుంటూనే ఒకటి అడగాలనిపిస్తుంది: మోసం చేయదలచినవాడు ముందుగా వెళ్లి, ఫలానా మందు వాడుతున్నానని కాగితం మీద రాసిస్తాడా? నిబంధనకు పరీక్షసీసాలో ఉన్నది కనిపించింది గాని, ఆ దరఖాస్తు కనిపించలేదు కాబోలు. శిక్ష వేసినా, మోసగాడన్న మచ్చ వేయకుండా ఉండవలసింది.

బారన్ కోర్టుకెక్కాడు. 2010లో మళ్లీ ఆటకు వచ్చాడు. ఏళ్లు గడిచాయి. ఏభై నిండినవారికి అక్కడ వేరే పోటీలున్నాయి. 2019 ఆగస్టులో, ఏభై నిండి నెల తిరక్కుండానే, అర్హత పోటీ ఆడి చోటు సంపాదించుకుని, న్యూయార్క్ రాష్ట్రంలోని ఎండికాట్‌లో ఫ్రెడ్ కపుల్స్ అంతటివాణ్ణి రెండు దెబ్బల తేడాతో వెనక్కి నెట్టి కప్పు గెలిచాడు.